ఎనభయ్యో ఏట తెరిచిన ఫైలు

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పిల్లల్ని దండించడానికి ఒక సాకుగా, ముసలివాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యడానికి ఇంకో సాకుగా, రెండు రకాలుగానూ ఈ సామెత మనకి పనికొస్తూ వచ్చింది. చిన్నప్పుడే వంచాలి, పెద్దయ్యాక ఇక ఎవరూ మారరు. డెబ్భై దాటిన మనిషి కొత్తగా ఏదైనా మొదలుపెడితే ముచ్చటపడతాం గానీ, లోపల్లోపల పెద్ద నమ్మకం ఉండదు. ఈ సామెతని అటూ ఇటూ తిప్పి చూడాల్సిన అవసరం నాకు స్విట్జర్లాండ్ చరిత్ర చదువుతుంటే వచ్చింది. అక్కడ కొన్ని తరాలపాటు మొక్కల్ని బలవంతంగా వంచారు. ఆ మొక్కలు మానులై, డెబ్భై ఎనభై ఏళ్ళ వయసులో నిటారుగా నిలబడే ప్రయత్నం చేశాయి. ఆ ప్రయత్నం గురించే ఈ వ్యాసం.

స్విట్జర్లాండ్ అనగానే మనకి గుర్తొచ్చేవి మంచుకొండలు, గడియారాలు, చాక్లెట్లు, బ్యాంకులు. పచ్చటి వాలు మీద ఒక చెక్క ఇల్లు, ముందు మేస్తున్న ఆవులు. మన సినిమా పాటల పుణ్యమా అని అక్కడికి వెళ్ళనివాళ్ళకి కూడా ఆ దృశ్యం కంఠతా వచ్చు. ఆ ఇంటి అటక మీద, లేదా ఆ ఆవుల కొట్టం పక్క గదిలో ఎవరు పడుకునేవారన్నది మాత్రం పాటలో ఉండదు.

వాళ్ళని జర్మన్‌లో 'ఫెర్డింగ్‌కిండర్' అంటారు. ఒప్పందం మీద ఇచ్చేసిన పిల్లలు అని చెప్పుకోవచ్చు. కాగితాల మీద వాళ్ళు పెంపుడు పిల్లలు. పొలంలో, కొట్టంలో మాత్రం జీతం లేని పాలేర్లు. మన పల్లెల్లో తండ్రి చేసిన అప్పుకి కొడుకుని ఆసామి దగ్గర పెట్టడం మనకి తెలిసిన కథే. అక్కడ తేడా ఏమిటంటే, పిల్లాణ్ణి తీసుకెళ్ళి రైతు ఇంట్లో పెట్టింది తండ్రి కాదు, ఊరి అధికారులు. అదీ చట్టం ప్రకారం.

దీని వెనక ఒక లెక్క ఉంది. ప్రతి స్విస్ పౌరుడికీ కాగితాల్లో ఒక 'స్వగ్రామం' ఉంటుంది. అది పుట్టిన ఊరు కాదు, ఉంటున్న ఊరూ కాదు. తండ్రి నుంచి కొడుక్కి వంశపారంపర్యంగా వచ్చే ఊరు. మనిషి దాన్ని జన్మలో చూసి ఉండకపోవచ్చు. కానీ అతను పేదరికంలో పడితే పోషించే బాధ్యత చాలాకాలం ఆ ఊరిదే. ఎక్కడో నగరంలో ఫ్యాక్టరీ కూలీ చచ్చిపోతే, అతని పిల్లల ఖర్చు కొండల్లోని ఒక చిన్న పంచాయతీ నెత్తిన పడేది. ఆ పంచాయతీ పెద్దలకి ఆ పిల్లలు మనుషులుగా పరిచయం లేదు, ఖర్చుగానే పరిచయం. ఖర్చు ఎలా తగ్గించుకోవాలన్నదే వాళ్ళ ప్రశ్న.

పందొమ్మిదో శతాబ్దంలో కొన్ని ప్రాంతాల్లో దానికి దొరికిన జవాబు వేలం. అయితే అది తలకిందులు వేలం. మామూలు వేలంలో ఎక్కువ ఇచ్చినవాడిది పాట. ఇక్కడ పిల్లాణ్ణి సాకడానికి ఊరి నుంచి ఎవడు తక్కువ డబ్బు అడిగితే పిల్లాడు వాడికి. తక్కువకి టెండరు వేసిన కాంట్రాక్టరు ఎక్కడ మిగుల్చుకుంటాడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిండిలో, బట్టలో, పడకలో మిగుల్చుకోవాలి. మిగిలినది పిల్లాడి ఒంట్లోంచి పనిగా రాబట్టుకోవాలి. వేలం పద్ధతి ఆ శతాబ్దంలోనే క్రమంగా పోయింది గానీ, పిల్లల్ని రైతులకి అప్పగించడం మాత్రం 1960ల దాకా, అక్కడక్కడ ఆ తర్వాత కూడా సాగింది. మొత్తం మీద లక్షల్లో పిల్లలు ఈ దారిన వెళ్ళారని చరిత్రకారుల అంచనా.

వీళ్ళందరూ అనాథలు కారు. ఎక్కువమందికి తల్లో తండ్రో, ఇద్దరూనో బతికే ఉన్నారు. పెళ్ళికాని తల్లికి పుట్టడం, తల్లిదండ్రులు విడిపోవడం, తండ్రి తాగుబోతు కావడం, తల్లి వితంతువై కూలి చేసుకోవడం, ఇవి చాలు. సంచార జాతి అయిన యేనిష్‌ల ఇంట్లో పుట్టడం కూడా చాలు. 1926 నుంచి 1973 వరకు ఒక పేరున్న బాలల సంక్షేమ సంస్థే దాదాపు ఆరువందల మంది యేనిష్ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసింది. 1912లో అమల్లోకొచ్చిన పౌరస్మృతి, తల్లిదండ్రులు బాధ్యత సరిగా నిర్వర్తించడం లేదని తోస్తే పిల్లల్ని తీసుకెళ్ళే అధికారం సంరక్షణాధికారులకి ఇచ్చింది. పల్లెల్లో ఆ అధికారులంటే చాలాచోట్ల శిక్షణ ఉన్నవాళ్ళు కారు, ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు. తీర్పు చెప్పించుకున్న తల్లుల విషయానికొస్తే, స్విస్ ఆడవాళ్ళకి జాతీయ స్థాయిలో ఓటుహక్కు వచ్చిందే 1971లో. బిడ్డని తీసుకుపోయే చట్టం మీద ఆ తల్లికి మాట చెప్పే వీలు కూడా లేదన్నమాట.

ఆ ఇళ్ళలో బతుకు ఎలా ఉండేదో వాళ్ళు తర్వాత చెప్పిన సాక్ష్యాలు ఒకదానితో ఒకటి ఆశ్చర్యంగా కలుస్తాయి. చీకటితో లేచి పాలు పితకడం, పేడ ఎత్తడం, బడికి పరిగెత్తడం, వచ్చి మళ్ళీ పొలం. ఇంటివాళ్ళు తిన్నాక విడిగా తిండి. వేడి లేని అటక మీద పడక. దెబ్బలు. చాలామందికి లైంగిక హింస కూడా. తనిఖీకి అధికారి వస్తే ఆ పూట మంచి బట్టలు. బడిలో ఏదైనా పోతే మొదట వెతికేది వీళ్ళ సంచీలే. మంచి ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. సొంత బిడ్డలా చూసుకున్న రైతు దంపతుల గురించి చెప్పినవాళ్ళూ ఉన్నారు. కానీ ఏ ఇల్లు దక్కుతుందో అదృష్టానికి వదిలేసిన ఏర్పాటది. దురదృష్టవంతుడికి ఫిర్యాదు చేసుకునే చోటు లేదు.

ఇవన్నీ ఎవరికీ తెలియకుండా జరిగాయా? ఆ మాట చెల్లదు. 1837లోనే దీని మీద నవల వచ్చింది. బెర్న్ ప్రాంతంలోని ఎమ్మెంటాల్‌లో ఆల్బర్ట్ బిట్‌జియుస్ అనే పాస్టరు, నలభయ్యో పడి అంచున నిలబడి, తన మొదటి నవల 'రైతు అద్దం' రాశాడు. రైతుల ఇళ్ళకి అప్పగించబడిన ఒక కుర్రాడు తన కథ తనే చెప్పుకునే నవల అది. ఆ కుర్రాడి పేరునే రచయిత తన కలంపేరుగా పెట్టుకున్నాడు, యెరెమియాస్ గొట్‌హెల్ఫ్ అని. స్విస్ సాహిత్యంలో అదిప్పుడు పెద్ద పేరు. అంటే ఆ దేశపు గొప్ప రచయితల్లో ఒకడి పేరు నిజానికి ఒక ఫెర్డింగ్ కుర్రాడి పేరు! బళ్ళో పిల్లలు ఆ పేరు చదువుకున్నారు. ఆ బళ్ళోనే వెనక బెంచీలో అలాంటి కుర్రాళ్ళు ఆకలితో నిద్రమత్తుతో కూర్చున్నారు.

తర్వాత కార్ల్ ఆల్బర్ట్ లోస్లి వచ్చాడు. 1877లో పెళ్ళికాని తల్లికి పుట్టి, పెంపుడుతల్లి దగ్గరా, ఆమె పోయాక బాలల సంస్థల్లోనూ పెరిగినవాడు. 1924లో సంస్థల జీవితం మీద పుస్తకం వేశాడు. దాని మీద దుమారం రేగితే మరుసటి ఏడు ఇంకో పుస్తకం వేశాడు, 'నేను నోరు మూసుకోను' అన్న పేరుతో. 1944లో పీటర్ సురావా అనే పాత్రికేయుడు, పౌల్ సెన్ అనే ఫోటోగ్రాఫరు కలిసి లూసెర్న్ దగ్గరి ఒక బాలుర వసతిగృహం గురించి 'డీ నాట్సియోన్' పత్రికలో బయటపెట్టారు. ఆ ఫోటోలు చూసి దేశం ఉలిక్కిపడింది. కొన్నాళ్ళకి మర్చిపోయింది. ఒక తరం చదివి కళ్ళు తుడుచుకోవడం, మర్చిపోవడం, ఇంకో తరం మళ్ళీ మొదట్నుంచీ ఆశ్చర్యపోవడం. వందేళ్ళకి పైగా జరిగింది ఇదే. తెలియకపోవడం ఒక జబ్బైతే దానికి మందుంది. తెలిసీ పట్టకపోవడానికి పుస్తకాలు మందు కాలేదు.

చివరికి ఈ పద్ధతిని ఆపింది మనసు మార్పు కన్నా ఎక్కువగా యంత్రాలు. 1950లు, 60లలో ట్రాక్టర్లూ పాలు పితికే మెషీన్లూ వచ్చాక పొలానికి పిల్లవాడి చేతులతో పని తగ్గింది. సాంఘిక బీమా పథకాలు వచ్చి కుటుంబాలు ఒక్క దెబ్బకి కుప్పకూలడం తగ్గింది. పెంపుడు పిల్లల మీద దేశమంతటికీ వర్తించే నిబంధనలు 1978లో అమల్లోకొచ్చాయి. పెద్ద పోరాటం లేకుండా, పశ్చాత్తాపం లేకుండా, ఏర్పాటు దానంతటదే సన్నగిల్లిపోయింది. దాని గుండా వెళ్ళిన పిల్లలు మాత్రం పెద్దవాళ్ళై అదే దేశంలో, చాలాసార్లు అదే లోయలో బతుకుతున్నారు.

నాకు ఆసక్తి కలిగిన చరిత్ర నిజానికి ఇక్కడ మొదలవుతుంది. ఈ పిల్లలు పెద్దయ్యాక ఏం చేశారు? ఎక్కువమంది ఏమీ చెప్పలేదు. పెళ్ళాడిన మనిషికి చెప్పలేదు, కన్న పిల్లలకి చెప్పలేదు. చదువు సాగనివ్వలేదు కాబట్టి చాలామందికి చిన్న పనులే దొరికాయి. చిన్నప్పుడు నువ్వు అబద్ధాలకోరువి, దొంగవి అని వినీ వినీ, తమ మాట ఎవరూ నమ్మరనే నమ్మకం ఎముకల్లోకి దిగిపోయింది. ఆ మౌనాన్ని బయటివాళ్ళు రకరకాలుగా చదివారు. మొండితనం అన్నారు, ముభావం అన్నారు, స్వభావం అన్నారు. మాను ఇక వంగదన్నారు.

కానీ ఒక్కొక్కరు, వయసు మళ్ళాక, కలం పట్టారు. ఆర్తుర్ హోనెగ్గర్ 1974లో తన బాల్యాన్ని నవల చేసినప్పుడు ఆయనకి యాభై. రోజాలియా వెంగర్ 1906లో పుట్టింది. ఆవిడ ఆత్మకథ అచ్చయింది 1978లో, డెబ్భై దాటాక. నాలుగేళ్ళకి రెండో పుస్తకం వచ్చింది. దాని పేరే ఒక ప్రశ్న: నువ్వెందుకు ఎదురు తిరగలేదు? అలాంటి బతుకు బతికినవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న అది. వినడానికి సానుభూతిలా ఉంటుంది గానీ, జరిగినదాంట్లో కొంత తప్పుని నెమ్మదిగా వాళ్ళ ఒళ్ళోకి తోస్తుంది. డోరా ష్టెట్లర్ 1927లో పుట్టి, ఎమ్మెంటాల్ రైతుల ఇంట్లో పెంపుడు పిల్లగా గడిపిన రోజుల గురించి పుస్తకం అచ్చులో చూసుకున్నది 2004లో, డెబ్భై ఏడో ఏట. ఎమ్మెంటాల్ అంటే గొట్‌హెల్ఫ్ ప్రాంతమే. నూట అరవై ఏడేళ్ళ తర్వాత అదే కొండల కథ. ఈసారి పాస్టరు కాక, ఆ పిల్లే చెప్పింది.

మార్కో లాయెన్‌బెర్గర్, లొరెట్టా సేగ్లియాస్ వంటి చరిత్రకారులు వందలమంది వృద్ధుల దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేసే పనిలో భాగమయ్యారు. 2008లో ఆ జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. 2009లో మొదలైన ఒక ప్రదర్శన ఊరూరా తిరిగింది. అందులో సందర్శకులు ఆ గొంతులు వినొచ్చు. 2011లో 'డెర్ ఫెర్డింగ్‌బూబ్' సినిమా వచ్చి బాగా ఆడింది. మనవలు సినిమా చూసొచ్చి, తాతా నువ్వూ అలాగేనా అని అడిగే రోజొచ్చింది. ఈ క్రమం నాకు ముఖ్యంగా తోచింది. ముసలివాళ్ళు ఉన్నట్టుండి ధైర్యవంతులు కాలేదు. వినేవాళ్ళు తయారయ్యారు, దాంతో వాళ్ళకి మాట వచ్చింది.

2013 ఏప్రిల్ 11న బెర్న్‌లో ఒక సభ. న్యాయశాఖ మంత్రి సిమొనెట్టా సొమ్మరూగా ప్రభుత్వం తరఫున ఆ బాధితులకి క్షమాపణ చెప్పింది. హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది అరవైలు, డెబ్భైలు, ఎనభైల్లో ఉన్నవాళ్ళు. మరుసటి ఏడు గీడో ఫ్లూరి ఒక ప్రజా ప్రతిపాదన మొదలుపెట్టాడు. స్విట్జర్లాండ్‌లో లక్షమంది పౌరులు సంతకం చేస్తే రాజ్యాంగ సవరణ మీద దేశమంతా ఓటు వెయ్యాలి. ఫ్లూరి స్వయంగా చిన్నప్పుడు పెంపుడు ఇళ్ళలో, బాలల వసతిగృహంలో గడిపినవాడు, పెద్దయ్యాక వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. తాను ఉన్న మ్యుమ్లిస్‌విల్ వసతిగృహాన్నే కొని స్మారకంగా మార్చాడు. ఐదువందల మిలియన్ ఫ్రాంకుల నిధి కావాలన్న ఆయన ప్రతిపాదనకి కొద్ది నెలల్లోనే లక్షకి పైగా సంతకాలు వచ్చాయి. పార్లమెంటు మూడువందల మిలియన్లతో వేరే చట్టం తెచ్చింది. బతికుండగా ఏదైనా దక్కడం ముఖ్యమని ప్రతిపాదనని వెనక్కి తీసుకున్నారు. చట్టం 2017 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. 1940లో పుట్టినవాళ్ళకి అప్పటికి డెబ్భై ఏడేళ్ళు. అప్పటికే చనిపోయినవాళ్ళ తరఫున వారసులు అడగడానికి వీల్లేదు.

ఒక్కొక్కరికి ఇచ్చింది 25,000 ఫ్రాంకులు. ఎవరి బాధ ఎంతైనా అందరికీ ఒకటే మొత్తం. ఇది అన్యాయంగా కనబడుతుంది. పదేళ్ళు కొట్టంలో పడుకున్నవాడికీ, రెండేళ్ళు పడుకున్నవాడికీ తేడా ఉండదా? కానీ తేడా పెట్టాలంటే ప్రతి ముసలి మనిషీ ఒక అధికారి ముందు కూర్చుని తన దెబ్బలు లెక్క చెప్పాలి, రుజువు చెయ్యాలి. చిన్నప్పుడు ఒకసారి అధికారి ముందు నిలబడి తమ విలువ కట్టించుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ అనుభవాన్ని మళ్ళీ పెట్టకూడదన్న ఆలోచన నాకు సబబుగానే తోస్తుంది. మొత్తం చిన్నదన్న విమర్శ వేరు. అది నిలుస్తుంది. ఏళ్ళ తరబడి చేసిన కూలి లెక్క కడితే అది చాలా చిన్న మొత్తమే.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ చట్టంలోని ఇంకో భాగం. తమ మీద రాసిన ఫైళ్ళు చూసుకునే హక్కు. ప్రభుత్వ దస్త్రాల భాండాగారాలు ఆ ఫైళ్ళు వెతికిపెట్టడంలో వాళ్ళకి సాయం చెయ్యాలి. అలా ఎనభయ్యో ఏట ఒక మనిషి, తనకి ఆరేళ్ళప్పుడు తన గురించి ఎవరో రాసినది మొదటిసారి చదువుతాడు. తననెందుకు తీసుకెళ్ళారో అప్పటిదాకా తెలియని వాళ్ళున్నారు. తల్లి తనని వద్దనుకుందనే నమ్మకంతో జీవితమంతా గడిపినవాళ్ళకి, కొన్ని ఫైళ్ళలో, తల్లి రాసిన ఉత్తరాలు కనబడ్డాయి. బిడ్డకి అందకుండా ఫైల్లోనే ఉండిపోయిన ఉత్తరాలు. ఇంకొందరికి తోబుట్టువులు ఉన్నారని తెలిసింది. అదే ఫైల్లో పిల్లాడు సోమరి, బుద్ధి మందం, తల్లి నడవడిక మంచిది కాదు అన్న తరహా వాక్యాలు, అధికారి సంతకంతో.

ఆ వాక్యాలు కొట్టెయ్యమని అడిగే హక్కు చట్టం ఇవ్వలేదు. వాటితో ఒప్పుకోనని నమోదు చేయించి, తన వాదన రాసి ఆ ఫైలుకి జతచేసే హక్కు ఇచ్చింది. మా సాఫ్ట్‌వేర్ పనిలో కూడా పాత రికార్డుని చెరిపెయ్యడం నేరంలాంటిది, దిద్దుబాటు ఏదైనా దాని కిందే చేరాలి. అది సాంకేతిక క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. ఇక్కడ అది మనుషుల విషయంలో ఎంత అవసరమో కనబడింది. పాత మాట చెరిపేస్తే అధికారి చేసిన పని కూడా చెరిగిపోతుంది. ఉంచి, దాని కింద ఆ మనిషి చేతనే జవాబు రాయిస్తే, రేపు చదివేవాడికి రెండూ కనబడతాయి.

అయినా అందరూ ముందుకి రాలేదు. బతికున్న బాధితులు 12,000 నుంచి 15,000 మంది ఉంటారని అంచనా వేస్తే, గడువు తేదీ 2018 మార్చి 31 నాటికి వచ్చిన అర్జీలు సుమారు 9,000. తర్వాత గడువునే ఎత్తేశారు, 2020 నుంచి ఎప్పుడైనా అడగొచ్చు. రానివాళ్ళలో కొందరికి సిగ్గు. కొందరికి ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు చూస్తేనే భయం. కొందరికి ఆ డబ్బు తీసుకోవడం అవమానం. కొందరు ఆ తలుపు మళ్ళీ తెరవదలుచుకోలేదు. వయసులో మార్పుని ఆహ్వానించాలని చెప్పే పుస్తకాలు ఈ నాలుగో రకంవాళ్ళని ఓడిపోయినవాళ్ళ కింద లెక్కేస్తాయి. నేను వెయ్యలేను. చిన్నప్పుడు తన మీద ఏ నిర్ణయమూ తను తీసుకోలేకపోయిన మనిషికి, ఎనభై ఏళ్ళప్పుడు వద్దని చెప్పగలగడం కూడా కొత్త విషయమే.

వీళ్ళకి వృద్ధాప్యం తెచ్చే భయం ఇంకొకటుంది. ఒంట్లో శక్తి తగ్గాక వృద్ధాశ్రమంలో చేరాలి. మళ్ళీ గంట కొడితే తిండి, ఎవరో పెట్టిన టైముకి నిద్ర, తలుపు తోసుకుని వచ్చే కొత్త మనుషులు. మిగతావాళ్ళకి అది సర్దుకోవాల్సిన మార్పు. వీళ్ళకి అది పాత చోటే. ఆస్ట్రేలియాలో కూడా ఇరవయ్యో శతాబ్దంలో ఐదు లక్షలమందికి పైగా పిల్లలు సంస్థల్లో, పరాయి ఇళ్ళలో పెరిగారని అక్కడి సెనేట్ 2004లో నివేదిక ఇచ్చింది. 2009 నవంబరు 16న ప్రధాని కెవిన్ రడ్ వాళ్ళకి క్షమాపణ చెప్పాడు. వృద్ధుల సంరక్షణ నిబంధనల్లో వీళ్ళని ప్రత్యేక అవసరాలున్న వర్గంగా ఆ ఏడే చేర్చారు. క్షమాపణ ప్రసంగం కన్నా ఈ చిన్న నిబంధనే ఎక్కువ పని చేస్తుందేమోనని నా అనుమానం. మార్పుకి తట్టుకో అని ముసలి మనిషికి చెప్పే ముందు, ఆ మార్పు అతనికి దేన్ని గుర్తుచేస్తుందో ఆశ్రమం నడిపేవాళ్ళు తెలుసుకోవాలని అది చెబుతోంది.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం పెంపుడు సంరక్షణకి చోటు కల్పించింది. దత్తతకీ దీనికీ తేడా చెప్పే మంచి మాట మన వాడుకలో ఇంకా స్థిరపడలేదు. 'పెంపుడు' అంటే మనకి కుక్కలూ చిలకలూ కూడా గుర్తొస్తాయి. జిల్లాకొక బాలల సంక్షేమ సమితి ఉంటుంది. బిడ్డ ఎక్కడుండాలో అది నిర్ణయిస్తుంది, కారణాలు ఫైల్లో రాస్తుంది. తల్లి గురించి ఒక వాక్యం, బిడ్డ స్వభావం గురించి ఒక వాక్యం. పనుల ఒత్తిడిలో ఎవరో ఉద్యోగి అవి త్వరత్వరగా రాసి పక్కన పెడతారు. 2015లో పుట్టిన బిడ్డకి 2090లో డెబ్భై ఐదేళ్ళు వస్తాయి. ఆ వాక్యాలు చదువుకోవడానికి ఆ వయసులో ఆ బిడ్డ రావచ్చు. అప్పటికి ఆ ఫైలు ఉండాలి, అడిగితే ఇవ్వాలి, అందులో రాసిన మాట ఎదురుగా కూర్చున్న మనిషికి చదివి వినిపించగలిగేదై ఉండాలి.